ఫారం అంటే ఎన్ని పేజీలు?

పుస్తకం వేయించాలని నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ప్రెస్సుకు పోతే మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని ఫారాలైతది సార్?" అని. రాసినవాళ్లకు పేజీల లెక్క తెలుస్తుంది, ఫారాల లెక్క తెలియదు. 160 పేజీల కవితా సంపుటికి ఊళ్లోని చిన్న ప్రెస్సు 20 ఫారాలంటుంది. అదే పుస్తకానికి హైదరాబాద్ ప్రెస్సు 10 ఫారాలంటుంది. రెండు చోట్లా ఫారం రేటు మాత్రమే కనుక్కొని, తక్కువ చెప్పినచోట పని అప్పగిస్తే చివరి బిల్లు దగ్గర గొడవ తప్పదు. ఇందులో ఎవరూ మోసం చేయలేదు. ఇద్దరూ ఒకే మాటను రెండు అర్థాల్లో వాడారు.

నిజానికి ఆ మాటకు రెండు కాదు, నాలుగు అర్థాలున్నాయి. అక్షరాలు పేర్చే కంపోజిటర్‌కు ఫారం అంటే ఇనుప చట్రంలో బిగించిన సీసపు టైపు. మెషిన్‌మన్‌కు షీటుకు ఒక వైపున పడే అచ్చు. బైండర్‌కు మడిచిన షీటు. లెక్కలు రాసే మేనేజర్‌కు బిల్లు కట్టే కొలత. ఈ నాలుగూ ఒకదాంట్లోంచి ఒకటి పుట్టినవే కాబట్టి మొదటిది అర్థమైతే మిగతావి తేలిక.

నల్లగొండ నుంచి 1922లో నీలగిరి పత్రిక వెలువడింది. ఆ కాలం నుంచి, టైపు బదులు రేకు ప్లేటు మీంచి అచ్చు వేసే ఆఫ్‌సెట్ వచ్చేదాకా తెలుగు అచ్చు దాదాపు అంతా సీసపు టైపుతోనే నడిచింది. కంపోజిటర్ కేసు అనే అరల పెట్టెలోంచి ఒక్కో అక్షరం ఏరి, స్టిక్కు అనే చేతి పట్టీలో పేర్చేవాడు. స్టిక్కు నిండితే గ్యాలీ అనే పొడవాటి పళ్లెంలోకి మార్చి, గ్యాలీ ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, పేజీలుగా విడగొట్టి, ఒక్కో పేజీ చుట్టూ దారం కట్టేవాడు. అలా కట్టిన పేజీలను చదునైన రాయి మీద ఒక నిర్ణీత వరుసలో పరిచి, వాటి చుట్టూ చేజు అనే ఇనుప చట్రం పెడతారు. పేజీకీ పేజీకీ మధ్య ఖాళీలో టైపు కంటే ఎత్తు తక్కువున్న చెక్క ముక్కలు పడతాయి. ప్రెస్సులో వాటినే ఫర్నిచర్ అంటారు. పుస్తకంలో కనిపించే తెల్లటి మార్జిన్ ఈ చెక్క ముక్కల వెడల్పే. చట్రం రెండు అంచుల దగ్గర క్వాయిన్లు అనే బిగింపు చీలలు పెట్టి, దారాలు విప్పి, కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతారు. బిగింపు పూర్తి కాకముందే చదునైన చెక్కదిమ్మను టైపు మీద పెట్టి సుత్తితో మెల్లగా తట్టాలి. లేచి ఉన్న అక్షరాలు కిందికి దిగేది అప్పుడే. ఆ తర్వాత చివరి బిగింపు. ఇలా తయారైన మొత్తం దిమ్మే అసలు ఫారం.

బిగింపు సరిపోయిందా లేదా చూడటానికి చట్రం ఒక మూలను కాస్త లేపి, కింద ఒక క్వాయిన్ ఉంచి, టైపు మీద వేళ్లతో అంతటా నొక్కి చూస్తారు. ఎక్కడైనా అక్షరం కదిలితే ఆ పంక్తి వదులుగా ఉన్నట్టే, అంటే స్టిక్కులో పంక్తి నింపినప్పుడే స్పేసు తక్కువ పడింది. దాన్ని బిగింపుతో సరిచేయలేం, పంక్తి విప్పి మళ్లీ నింపాల్సిందే. ఎక్కువ బిగిస్తే ఇంకో చిక్కు ఉంది. ఫారం నడుము మీదికి ఉబ్బి, ఎత్తగానే మధ్యలోని టైపు జారి కింద పోస్తుంది. ఒక పేజీ కుప్పకూలితే మళ్లీ ఏరి పేర్చడం కంటే కొత్తగా కంపోజ్ చేసుకోవడమే త్వరగా అవుతుంది. గుణింతాలు, వత్తులు కలుపుకొని తెలుగు కేసుల్లో అరలు వందల్లో ఉంటాయి మరి.

పాత పుస్తకాల్లో మాటల మధ్య అక్కడక్కడా చిన్న నల్ల దిమ్మెలాంటి మచ్చలు కనిపిస్తాయి. చాలామంది వాటిని సిరా మరకలనుకుంటారు. అవి స్పేసులు. వదులుగా ఉన్న ఫారం మెషిన్ కుదుపుకు కదిలి, మాటల మధ్య పెట్టిన సీసం ముక్కలు మెల్లగా పైకి లేస్తాయి. అక్షరాల ఎత్తుకు వచ్చాక వాటికీ సిరా అంటుతుంది. ఒకే పుస్తకం రెండు ప్రతులు దొరికితే పోల్చి చూడండి. ముందు అచ్చైన షీటులో మచ్చ ఉండదు, తర్వాతిదాంట్లో ఉంటుంది.

పాత తెలుగు పుస్తకాల చివర కనిపించే తప్పొప్పుల పట్టికకు కూడా కారణం ఫారమే. చిన్న ప్రెస్సుల దగ్గర పుస్తకం మొత్తానికి సరిపడే టైపు ఉండేది కాదు. ఒకటి రెండు ఫారాలకు సరిపోయేంత ఉంటే గొప్ప. అందుకని మొదటి ఫారం అచ్చు కాగానే టైపు కడిగి, విప్పి, ఏ అరలోది ఆ అరలో వేసి, దానితోనే తర్వాతి ఫారం కంపోజ్ చేసేవారు. మూడో ఫారం ప్రూఫు చూస్తున్నప్పుడు మొదటి ఫారంలో తప్పు దొరికినా చేసేదేమీ లేదు, ఆ టైపు అప్పటికే వేరే మాటలైపోయింది. ఇక మిగిలిన దారి చివరి ఫారంలో పట్టిక వేయడమే. ముందుమాట, విషయసూచిక అన్నిటికంటే చివర కంపోజ్ అయ్యేవి కాబట్టి వాటికి వేరే అంకెలు వేసి, కథ మొదలయ్యేచోట 1 నుంచి లెక్కపెట్టేవారు. ఈ పద్ధతి ఇప్పటికీ చాలా పుస్తకాల్లో అవసరం లేకపోయినా కొనసాగుతోంది. నా దృష్టిలో అట్ట తర్వాతి మొదటి పేజీ నుంచి లెక్కపెట్టడమే మంచిది, ఫారాల లెక్క ఎక్కడా తప్పదు.

రెండో అర్థానికి వద్దాం. ఒక షీటుకు రెండు వైపులుంటాయి కాబట్టి ఇంగ్లండ్ పద్ధతిలో ఒక షీటుకు రెండు ఫారాలు, బయటిది ఒకటి, లోపలిది ఒకటి. మన దగ్గర మాటల్లో ఆ తేడా చెరిగిపోయి, రెండు వైపులూ కలిపి ఒక ఫారమైంది. కానీ పేజీలు ఏ వరుసలో పరవాలన్నది మాత్రం ఈ రెండు వైపుల సంగతి తెలిస్తేనే అర్థమవుతుంది. చేతిలోకి ఒక తెల్లకాగితం తీసుకోండి. పొడుగు వైపును సగానికి ఒకసారి, దానికి అడ్డంగా ఇంకోసారి, మళ్లీ అడ్డంగా మూడోసారి మడవండి. చివరి మడత ఎడమ చేతి వైపు, రెండో మడతతో మూసుకున్న అంచు పైన ఉండేలా పట్టుకొని, కోయకుండానే మూలలు లేపుతూ 1 నుంచి 16 దాకా అంకెలు వేయండి. ఇప్పుడు విప్పితే ఒక వైపు, అంటే బయటి వైపు, 1, 4, 5, 8, 9, 12, 13, 16 ఉంటాయి. రెండో వైపు 2, 3, 6, 7, 10, 11, 14, 15 ఉంటాయి. పై వరుస పేజీలు తలకిందులుగా, కింది వరుస తలలకు తలలు ఆనించి కనిపిస్తాయి.

అచ్చైన షీటును బయటి వైపు నుంచి చూస్తే కింది వరుస 4, 13, 16, 1, పై వరుస 5, 12, 9, 8. కుట్టు పడే చోట పక్కపక్కన ఉన్న రెండేసి అంకెలను కూడండి. 4, 13 కలిస్తే 17. 16, 1 కలిస్తే 17. 5, 12 అయినా, 9, 8 అయినా అంతే. మొదటి ఫారానికి 17 ఎలాగో, 17 నుంచి 32 దాకా ఉండే రెండో ఫారానికి 49 అలాగ. ఏ ఫారానికైనా మొదటి పేజీని చివరి పేజీతో కూడితే వచ్చే అంకే, పక్కపక్క పేజీలన్నిటికీ రావాలి. ఇప్పుడు పేజీలు పరిచే పని కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ చేస్తున్నా, ప్లేటు తీయకముందు ఈ కూడిక చేసి చూసుకుంటే నిమిషంలో తప్పు బయటపడుతుంది.

రెండో వైపు అచ్చు వేసేటప్పుడు జరిగే పెద్ద తప్పు షీటును తిప్పి పెట్టడం. ఎడమ నుంచి కుడికి తిరగేయాల్సిన కట్టను ఎవరైనా పై నుంచి కిందికి తిరగేసి మెషిన్‌లో పెడితే 1వ పేజీ వెనక 2 రావాల్సిన చోట 6 వస్తుంది, 4 వెనక 3 బదులు 7 వస్తుంది. పేజీ తలకిందులు కూడా కాదు, నిటారుగానే ఉంటుంది. అందుకే పైపైన చూసేవాళ్ల కంట పడదు. రెండో వైపు మొదటి షీటు రాగానే ఒకటి మడిచి, 1 నుంచి 16 దాకా వరుసగా తిప్పి చూడటం ఒక్కటే దీనికి మందు. వెలుతురుకు పెట్టి చూస్తే ముందు వెనక పంక్తులు ఒకదాని మీద ఒకటి పడ్డాయో లేదో కూడా తెలుస్తుంది.

ఫారం అంటే 16 పేజీలు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు చూడొచ్చు. డెమ్మీ షీటు 18 అంగుళాలు, 23 అంగుళాలు. దాన్ని మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, 16 పేజీలు, ఒక్కో పేజీ 9 అంగుళాల పొడుగు, 5¾ అంగుళాల వెడల్పు. మూడు వైపులా పావు అంగుళం చొప్పున కోస్తే 8½, 5½ మిగులుతుంది. మనకు అలవాటైన 1/8 డెమ్మీ పుస్తకం ఇదే. క్రౌన్ షీటు 15, 20 అంగుళాలు. దాన్నీ మూడుసార్లు మడిస్తే 1/8 క్రౌన్, అదే లెక్కన కోసిన తర్వాత 7, 4¾ ఉండే చిన్న పుస్తకం, అందులోనూ 16 పేజీలే. కానీ అదే డెమ్మీ షీటును రెండుసార్లే మడిస్తే 1/4 డెమ్మీ, దాదాపు ఏ4 అంత. అప్పుడు ఒక షీటులో 8 పేజీలే. కాలేజీ మ్యాగజైన్లు, సావనీర్లు, పిల్లల వర్క్‌బుక్కులు ఎక్కువగా ఈ సైజువి. అక్కడ ఫారం అంటే 8. అంటే 16 అన్నది ఫారం స్వభావం కాదు, మడతల లెక్క. ఫారం అంటే రెండు వైపులా అచ్చైన ఒక షీటు. ఆ మాట ఒకటి మనసులో పెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ దారికొస్తాయి.

మొదట చెప్పిన 10, 20 ఫారాల తేడా మెషిన్ సైజు వల్ల వచ్చింది. జిల్లా కేంద్రాల్లోని చిన్న ప్రెస్సుల దగ్గర ఉండేది ఎక్కువగా 15, 20 అంగుళాల మినీ ఆఫ్‌సెట్. దాని మీద నిండు డెమ్మీ షీటు పట్టదు. సగానికి కోసిన 11½, 18 అంగుళాల ముక్క పడుతుంది. ఒక వైపు 4 పేజీలు, రెండు వైపులా కలిపి 8. వాళ్లకు ఒకసారి మెషిన్ ఎక్కేది 8 పేజీలే కాబట్టి వాళ్ల ఫారం 8. పెద్ద ప్రెస్సుకు 18, 23 మెషిన్ ఉంటే ఒక వైపు 8 పేజీలు, ఫారానికి రెండు ప్లేట్లు. 23, 36 పట్టే డబుల్ డెమ్మీ మెషిన్ ఉంటే 16 పేజీలూ ఒకే ప్లేటు మీద పరిచి, షీటు రెండు వైపులా అదే ప్లేటుతో వేసి, సగానికి కోస్తారు. ఒక్కో షీటుకు రెండు ప్రతులు, ప్లేటు ఒకటే. అందుకే ఫారం రేటు అడగకుండా 1/8 డెమ్మీ 16 పేజీలకు ప్లేట్లు, అచ్చు కలిపి ఎంత అని అడగాలి.

కాగితం లెక్కలో మాత్రం ఫారం చాలా అక్కరకొచ్చే కొలత. బజార్లో దొరికే డబుల్ డెమ్మీ రీములో 23, 36 అంగుళాల షీట్లు 500 ఉంటాయి. సగానికి కోస్తే డెమ్మీ షీట్లు 1000. ఒక ప్రతికి ఒక ఫారానికి ఒక డెమ్మీ షీటు. అంటే వెయ్యి కాపీలకు ఫారానికి సరిగ్గా ఒక రీము. 160 పేజీలు వెయ్యి కాపీలైతే 10 రీములు, 500 కాపీలైతే 5. ఇది పైకి సరిగ్గా సరిపోయినట్టు కనిపించినా సెట్టింగుకు పోయే షీట్లు వేరే చూసుకోవాలి. సిరా సరిపడేదాకా, రెండు వైపులూ కుదిరేదాకా, మడతలో, కుట్టులో చెడిపోయేవాటితో కలిపి ఫారానికి 50 నుంచి 100 డెమ్మీ షీట్లు పోతాయి. వెయ్యి కాపీలకు ఇది 5 నుంచి 10 శాతం, 300 కాపీలకు పావు వంతు దాటొచ్చు. తక్కువ కాపీల పుస్తకం ప్రతి ఒక్కంటికి ఖరీదెక్కడానికి ప్లేట్లతోపాటు ఇదీ ఒక కారణం. బరువు లెక్క కావాలంటే, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) డబుల్ డెమ్మీ రీము సుమారు 18.7 కిలోలు, 60 జీఎస్ఎం అయితే 16 కిలోలు తూగుతుంది. కాగితం మీరే కొనిచ్చేటట్టయితే రీము తూకం వేయించుకోండి. 70 అని చెప్పి 60 ఇస్తే తూకంలో రెండున్నర కిలోలకు పైగా తేడా తెలిసిపోతుంది.

కాగితం కొనేటప్పుడు పోగు దిశ కూడా చూడాలి. కాగితంలో నారలు ఒక దిక్కుకు ఎక్కువగా వాలి ఉంటాయి. పుస్తకంలో అవి వెన్నుకు సమాంతరంగా, పై నుంచి కిందికి ఉండాలి. 1/8 డెమ్మీలో పేజీ నిలువు, షీటు 18 అంగుళాల వైపు వెంట పోతుంది. ఆ 18 అంగుళాలు వచ్చింది డబుల్ డెమ్మీ షీటు 36ను సగం చేస్తే. కాబట్టి పోగు 36 అంగుళాల వైపు నడిచే రీము కావాలి. క్రౌన్‌కు అదే లెక్క, 20, 30 అంగుళాల డబుల్ క్రౌన్ షీటులో 30 వైపు. తెలుసుకోవడం కష్టం కాదు. చిన్న ముక్క కోసి ఒక వైపు తడి చేస్తే అది చుట్టలా వంగుతుంది, ఆ చుట్ట పొడవు ఎటుందో పోగు అటు. పోగు అడ్డం పడిన పుస్తకం తెరిచిపెడితే నిలవదు, మూసుకుంటుంది. వానాకాలంలో వెన్ను దగ్గర పేజీలు అలలు తేలుతాయి. జిగురు బైండింగులో ఇది మరీ ఎక్కువ, ఒకసారి అలా తేలితే మళ్లీ చదును కాదు.

బైండర్ దగ్గరికొస్తే ఫారం మడిచిన షీటు. 16 పేజీల మడతలో నాలుగు జంట ఆకులు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. సరిగ్గా నడుమ, అంటే 8, 9 పేజీల మధ్య కుట్టు పడుతుంది. రెండో ఫారానికి 24, 25 మధ్య, మూడోదానికి 40, 41 మధ్య, అలా 16 కలుపుకుంటూ పోవాలి. ముందు పేజీలకు వేరే అంకెలు లేని పుస్తకమైతే ఈ చోట్ల తెరిచి చూడండి. దారం కనిపిస్తే కుట్టిన పుస్తకం. లేకపోతే మడతల వెన్ను మర పట్టి రాచి, జిగురు వేసినది. జిగురు బైండింగులో వెన్ను వైపు సుమారు 3 మిల్లీమీటర్లు రాచేస్తారు కాబట్టి లోపలి మార్జిన్ కనీసం 18 నుంచి 20 మిల్లీమీటర్లు వదలాలి. లేకపోతే పంక్తి మొదళ్లు మడతలోకి పోయి, చదవడానికి పుస్తకాన్ని విరిచి పట్టుకోవాల్సి వస్తుంది. పదిసార్లు అలా విరిస్తే ఆకులు ఊడొస్తాయి. గ్రంథాలయాలకు పోయే పుస్తకాన్ని, పదేపదే తిరగేసే శతకాలను, నిఘంటువులను కుట్టించమనే నేను చెబుతాను. ఖర్చు పెరుగుతుంది, కానీ మళ్లీ బైండు చేయించుకోవడానికి వీలుండేది అదే.

కాగితం మందమైతే మూడు మడతలు తట్టుకోదు. 100 జీఎస్ఎం దాటితే లోపలి మూలల్లో ముడతలు పడతాయి. అప్పుడు 8 పేజీల మడతలే నయం. నడిమి మడతలో పిన్నులు కొట్టే సెంటర్ పిన్ పుస్తకానికి ఇంకో సంగతి ఉంది. 64 పేజీల పుస్తకంలో 16 జంట ఆకులు ఒకదాంట్లో ఒకటి దూరతాయి. ఆకు మందం దాదాపు 0.1 మిల్లీమీటరు కాబట్టి నడిమి ఆకులు మిల్లీమీటరున్నర దాకా బయటికి జరుగుతాయి. కోసినప్పుడు నడిమి పేజీల బయటి మార్జిన్ ఆ మేరకు తగ్గుతుంది. పేజీ అంకెలను అంచుకు మరీ దగ్గర పెట్టకండి.

కొన్న పుస్తకంలో 17 నుంచి 32 దాకా లేకపోవడం, 33 నుంచి 48 రెండుసార్లు ఉండటం చదువరులందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురైందే. 16 పేజీల ఫారాల పుస్తకంలో ఎప్పుడూ 16 పేజీల ముక్కే పోతుంది, ఎందుకంటే పోయింది ఫారం. మడిచిన ఫారాల కట్టల్లోంచి ఒక్కొక్కటి ఏరి వరుసగా పేర్చేటప్పుడు చెయ్యి తప్పితే ఇలా అవుతుంది. దీనికి పాత కాలపు ఉపాయం ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న గుర్తు వేయడం. ఐరోపాలో ఏ, బీ, సీ అక్షరాలు వేసేవారు. లాటిన్ వరుసలో 23 అక్షరాలే కాబట్టి జే, యూ, డబ్ల్యూ వదిలేసేవారు. ఇప్పటి ఉపాయం ఇంకా నయం. ఫారం వెన్ను మడత మీద ఒక నల్ల గీటు వేస్తారు, ఒక్కో ఫారానికి కొంచెం కొంచెం కిందికి జరిపి. పేర్చిన కట్టను పక్క నుంచి చూస్తే గీట్లు మెట్లలా దిగాలి. ఒక మెట్టు లేకపోతే ఫారం లేదు. ఒకే ఎత్తులో రెండుంటే రెండుసార్లు పడింది. ఒకటి దారి తప్పి అడుగునెక్కడో కనిపిస్తే ఫారం తలకిందులైంది. ప్లేట్లు తీసేవాళ్లను ఈ గీట్లు వేయమని అడగండి, దానికి వేరే డబ్బులుండవు.

పేజీలు ఫారాలకు సరిగ్గా కుదరనప్పుడు ఏం చేయాలన్నది రాసినవాళ్ల చేతిలో ఉన్న విషయం. 148 పేజీలంటే 9 ఫారాలు, మీద 4 పేజీలు. ఆ నాలుగింటికి ప్లేటు, సెట్టింగు, మడత అన్నీ వేరే. పైగా ఒంటి మడత చివర్లో కుడితే ముందు ఊడేది అదే. తప్పనిసరైతే దాన్ని పక్క ఫారం చుట్టూ తొడిగి కుట్టమనాలి. అంతకంటే 144కు దించడం మేలు. వచనమైతే తేలిక. పేజీకి 28 పంక్తులుంటే 29 చేయండి, 148 పేజీలు 143కి దిగుతాయి. కవిత్వానికి ఈ ఉపాయం పనిచేయదు, అక్కడ ముందు ఖాళీ పేజీలు, అభిప్రాయాలు తగ్గించుకోవాలి. 8 పేజీలు మిగిలితే భయం లేదు. సగం ఫారం అంటారు. 18, 23 మెషిన్ మీద ఒకే ప్లేటుతో రెండు వైపులూ వేసి, సగానికి కోస్తే షీటుకు రెండు ప్రతులొస్తాయి. ప్లేటూ కాగితమూ సరిగ్గా సగమే.

ప్రెస్సుకు పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు పేజీలు ఒక్కొక్కటిగానే ఇవ్వండి. ఎదురెదురు పేజీలు జంటగా ఇస్తే వాళ్లు మళ్లీ విడగొట్టాలి, అక్కడే వరుస తప్పుతుంది. ఖాళీగా ఉండాల్సిన పేజీలను కూడా ఖాళీ పేజీలుగా ఫైలులో ఉంచాలి. లేకపోతే ఎడమ పేజీ కుడికి జరిగి, అక్కడి నుంచి చివరిదాకా అన్ని ఫారాలూ తప్పుతాయి. కొటేషన్ అడిగే కాగితం మీద ఇవి రాయండి: పుస్తకం సైజు, మొత్తం పేజీలు, కాపీలు, కాగితం జీఎస్ఎం, కుట్టా జిగురా. దాని కింద ఇంకో ప్రశ్న, మీ లెక్కలో ఒక ఫారానికి ఎన్ని పేజీలు అని. జవాబు రాతలో తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.